అభ్యంతరం లేదు

నవంబరు 4

జడ్జి పరీక్ష తప్పిన ఏడాది డైరీ మానేశాను. ఇరవై రెండేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెడుతున్నాను. కారణం గొప్పదేం కాదు. ఆఫీసులో అనలేని మాటలు ఇంటికి మోసుకొస్తున్నాను, ఇంట్లో అంటే మా ఆయన నిరంజన్ వినడం లేదు. టీవీ వింటున్నాడు. ఢిల్లీ మయూర్ విహార్‌లో మా అపార్ట్‌మెంట్ల సొసైటీ మొత్తం టీవీయే వింటోంది. యుద్ధం మొదలై ఇది రెండో రోజు.

తేజశ్రీకి బడి లేదు. పొగ వల్ల సెలవా, యుద్ధం వల్ల సెలవా అని తల్లుల వాట్సాప్ గ్రూపులో పొద్దుటినుంచీ వాదన. సర్క్యులర్ రెండుసార్లు చదివాను. కారణం రాయలేదు. ఈ ఊళ్ళో సంతకం పెట్టేవాడు కారణం రాయడు, కారణం చెప్పేవాడు సంతకం పెట్టడు.

"మమ్మీ, ఆప్ లోగ్ హ్యాకర్ హో క్యా?" అని అడిగింది పిల్ల. యుద్ధం వచ్చాక నా ఉద్యోగం మీద ఆసక్తి పుట్టింది దీనికి. కాదమ్మా, దొంగలు పడ్డ ఇంటికి వెళ్ళి ఎటునుంచి దూరారో చూసి తాళాలు మార్చేవాళ్ళం అన్నాను. కంప్యూటర్ల తాళాలు. నువ్వు మారుస్తావా అంటే లేదు, నేను లాయర్ని, ఆ తాళాల తాలూకు కాగితాలు చూస్తాను అన్నాను. ఆసక్తి పోయింది.

నవంబరు 5

పదకొండింటికి మనోహర్ పిలిచాడు. కంపెనీ తనది. బెజవాడ నుంచి వచ్చి నోయిడాలో నలుగురితో మొదలుపెట్టి రెండు వందల మందిని చేశానని రోజుకొకసారైనా అంటాడు. ఇవాళ అనలేదు. తలుపు వేసి ఫోను స్పీకర్లో పెట్టాడు. అవతల సక్సేనా అనే మనిషి. ఏ ఆఫీసండీ అంటే "ఊపర్ సే" అన్నాడు. పైనుంచి అంటే దేవుడి దగ్గర్నుంచా అని అడగబోయి ఊరుకున్నాను.

సంగతి ఇది. నిరుడు ఒక కరెంటు కంపెనీలో పడ్డ దొంగల జాడ పట్టుకుని మా ఇంజినీరు కిరణ్మయి సరిహద్దు అవతల ఒక సర్వర్ దాకా వెళ్ళింది. లోపలికి చూడగలిగింది. రిపోర్టు ఇచ్చేసి ఆ దారి మూసేయండి అని అప్పుడే రాసి ఇచ్చాను. మూసేశాం అన్నారు. మూయలేదని ఇవాళ తెలిసింది, అదీ సక్సేనా నోటి వెంట. మా ఇంటి కిటికీ తెరిచి ఉందని వీధిలో వాడికి తెలుసు, నాకు తెలీదు.

ఆయన అడిగేదేమిటంటే, ఆ సర్వర్ని వాళ్ళ సైన్యం మనుషులు వాడుతున్నారు, మీ దారిన వెళ్ళి దాన్ని పడుకోబెట్టండి అని.

ఎవరి ఆదేశం అని అడిగాను. చిట్ఠీ వచ్చేస్తుంది అన్నాడు. ఎవరి సంతకంతో అన్నాను. "మేడమ్, జంగ్ చల్ రహీ హై" అన్నాడు, యుద్ధం నడుస్తోందట, నేనేదో పెళ్ళిలో కూర బాగాలేదని పేచీ పెట్టినట్టు.

నవంబరు 6

ఏడు పేజీల అభిప్రాయం రాశాను. పరాయివాడి కంప్యూటర్లోకి యజమాని అనుమతి లేకుండా వెళ్ళి పాడుచేస్తే ఐటీ చట్టం అరవై ఆరో సెక్షన్ కింద మూడేళ్ళు. ఆ కంప్యూటరు పరాయి దేశంలో ఉంటే? ఇటూ వాదించొచ్చు, అటూ వాదించొచ్చు. ఎనభై నాలుగో సెక్షన్ మంచి ఉద్దేశంతో చేసినవాళ్ళని కాపాడుతుంది. కానీ చట్టం కింద, సర్కారు తరఫున చేసినవాళ్ళని. సర్కారు తరఫున అని చూపించాలంటే సర్కారు ఒక ముక్క రాసి ఇవ్వాలి కదా.

ఇక యుద్ధ నియమాలు. సైనికుడు యుద్ధంలో నియమం తప్పకుండా చేసిన పనికి అవతలి దేశం అతన్ని నేరస్తుడిగా విచారించకూడదు. మామూలు మనిషి నేరుగా యుద్ధంలో చెయ్యి పెడితే, పెట్టినంతసేపూ మామూలు మనిషికి ఉండే రక్షణ పోతుంది, సైనికుడికి ఉండేది మాత్రం రాదు. మా ఇంజినీర్లు బ్యాక్‌ప్యాకులు తగిలించుకుని మెట్రో దిగి వచ్చేవాళ్ళు. వాళ్ళు కూచునే నాలుగో అంతస్తు ఆ పూటకి దాడి చేయదగ్గ చోటు అవుతుందా? మూడో అంతస్తులో పిల్లల పళ్ళ డాక్టరు ఉన్నాడు. ఇదంతా రాశాను, పళ్ళ డాక్టరుతో సహా.

మనోహర్ చివరి పేజీ చదివాడు. అరపేజీలో కావాలన్నాడు. అవునా కాదా అన్నాడు. కాదు, ఆదేశం కాగితం మీద వచ్చేదాకా కాదు అన్నాను.

"లలితగారూ, మీరు లాయరు కాబట్టి భయపడాలి. నేను నడిపేవాణ్ణి కాబట్టి భయపడకూడదు. ఎవరి పని వాళ్ళం చేస్తున్నాం."

ఇంటికొచ్చి నిరంజన్‌కి చెప్పాను. ఇరవై ఆరేళ్ళ కేంద్ర ప్రభుత్వ సర్వీసు తనది, ఇప్పుడు అండర్ సెక్రటరీ. మా దగ్గర కాగితం లేకుండా కుర్చీ కూడా పక్క గదిలోకి పోదు అన్నాడు. మరి ఈ సక్సేనా ఎలా అడుగుతున్నాడు అంటే, అడగడానికి కాగితం అక్కర్లేదుగా అని మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

నవంబరు 7

చిట్ఠీ రాలేదు. సక్సేనా మూడుసార్లు ఫోను చేశాడు. రెండుసార్లు మనోహర్‌కి, మూడోసారి నా సెల్లుకి.

నవంబరు 8

మధ్యాహ్నం కిరణ్మయి నా గదికి వచ్చింది. సిద్దిపేట పిల్ల, ముప్పై ఒకటి. సివిల్స్ రాయడానికి ఢిల్లీ వచ్చి, రెండుసార్లు తప్పి, కంప్యూటర్ల వైపు తిరిగింది. గది మాత్రం ఇప్పటికీ ఆ సివిల్స్ పిల్లలుండే కటవారియా సరాయ్‌లోనే. రోజూ గంటన్నర మెట్రోలో వస్తుంది. తను మాట్లాడితే ఎప్పుడూ పని గురించే. ఇవాళ కూచోమన్నా కూచోలేదు.

"సార్ చెయ్యమంటున్నడు. నాకు వచ్చు, ఇరవై నిమిషాల పని. గని నేను చెయ్యొచ్చా మేడమ్?"

చిట్ఠీ రావాలన్నాను.

"అది కంపెనీ సంగతి. నా సంగతి చెప్పుండ్రి. చేస్తే నేనెవరిని? సిపాయినా?"

కాదన్నాను.

"మరి?"

ఆ మరికి జవాబు నా ఏడు పేజీల్లో లేదు. ఉన్నది చెప్పాను, పోయే రక్షణ గురించి, రాని రక్షణ గురించి. పరీక్షకి నోట్సు రాసుకునేదానిలా విన్నది. తర్వాత ఇంకో మాట అడిగింది. ఆ సర్వరు దొంగల సొంతమా, ఎవరిదో అయితే వీళ్ళు దూరి కూచున్నారా అన్నది తను పూర్తిగా చూడలేదట. చూడాలంటే రెండు రోజులు పడుతుందట. మనోహర్‌తో చెప్పమన్నాను. చెప్పిందట, టైము లేదన్నాడట.

తలుపు దగ్గర ఆగి, "మీరు మెయిల్‌ల రాసిస్తెనే ముట్టుకుంట. సార్ మాట మీద ముట్టుకోను" అని వెళ్ళిపోయింది.

ఇంత బరువు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్తుందేమిటని ఒళ్ళు మండింది. సాయంత్రం దాకా మండుతూనే ఉంది.

నవంబరు 9

మెయిల్ పంపాను. షరతు పెట్టే పంపాను. నా వైపు శుభ్రంగా ఉంది.

నవంబరు 10

పొద్దున పదకొండు నలభైకి పని అయిపోయింది. మనోహర్ కాజూ బర్ఫీ తెప్పించి పంచాడు. అంతస్తు అంతా చప్పట్లు. కిరణ్మయి కుర్చీలోంచి లేవలేదు. తన ముందు పెట్టిన బర్ఫీ పక్క సీటు వాడు తిన్నాడు.

సక్సేనా నుంచి మెసేజీ వచ్చింది. జోడించిన చేతుల బొమ్మ, పక్కన జెండా. దీన్నే ఆదేశపత్రం కింద ఫైల్లో పెట్టమంటారా అని మనోహర్‌ని అడిగాను. నవ్వాడు. నేను నవ్వించడానికి అనలేదు.

షరతు మీద ఇచ్చిన అనుమతి, షరతు నెరవేరకపోతే అనుమతే కాదు. ఏ జడ్జి అయినా ఒప్పుకుంటాడు.

నవంబరు 11

చిట్ఠీ రాలేదు. షరతు నెరవేరకపోతే అనుమతే కాదు.

నవంబరు 13

కిరణ్మయి పిలిచి తన స్క్రీను చూపించింది. అవతలి దేశంలో ఒక చిన్న పత్రిక వెబ్‌సైటు. ఒక ధర్మాసుపత్రి గేటు ముందు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూచున్న జనం. రోగుల జాబితా, డయాలిసిస్ ఏ రోజు ఎవరిది, ఎవరిది ఏ రక్తం, అన్నీ ఒక సర్వర్లో ఉండేవట. మూడు రోజులుగా అది తెరుచుకోవడం లేదట. సగం మందిని తిప్పి పంపేశారట.

"అదే" అంది కిరణ్మయి. నంబర్లు పోల్చి చూపించింది. నాకు నంబర్లు అర్థం కావు, తన మొహం అర్థమైంది. దొంగలు ఆసుపత్రి ఇంట్లో దూరి ఉన్నారు. మేం పడుకోబెట్టింది ఆ ఇంటిని.

డయాలిసిస్ అందక ఒకావిడ చనిపోయిందని కింద రాశారు. ఇంకో పత్రికలో ఎవరూ చనిపోలేదని ఆసుపత్రి వాళ్ళే చెప్పినట్టుంది.

"ఏది నిజమో ఎట్ల తెలుస్తది మేడమ్?"

తెలీదన్నాను.

మనోహర్‌కి చెబితే, శత్రుదేశం పత్రికలు చదివి ఏడుస్తారా మీరు అన్నాడు. అన్నాడే గానీ సక్సేనాకి ఫోను కలిపాడు, నా ముందే, నాలుగుసార్లు. ఆ నంబరు ఇప్పుడు మనుగడలో లేదట.

నవంబరు 14

కాల్పుల విరమణ. సొసైటీలో మిగిలిన దీపావళి టపాకాయలన్నీ కాల్చేశారు. ఉన్న పొగ చాలనట్టు.

నవంబరు 15

ఇవాళ్టి మాటలు ఎలా అయ్యాయో అలాగే రాస్తాను.

దాన్ని మళ్ళీ లేపొచ్చు అంది కిరణ్మయి. పాతదంతా చెరిగిపోలేదు, తాళం పడింది అంతే, లోపలికి వెళ్తే గంటలో బాగుచేస్తాను అంది. వెళ్ళడానికి వీల్లేదు అన్నాను. యుద్ధం అయిపోయింది, ఇప్పుడు వెళ్తే ఏ సాకూ లేదు, అది తేటగా నేరం అన్నాను. నిజమే చెప్పాను. చట్టం అదే.

"పాడుచెయ్యనీకి మెయిల్ ఇచ్చిండ్రు. బాగుచెయ్యనీకి ఇయ్యరా?"

ఇవ్వనన్నాను. అయితే ఎట్లా లేపాలో ఆ ఆసుపత్రికి రాసి పంపొచ్చా, లోపలికి పోకుండా, అని అడిగింది. దానికి చట్టంలో అడ్డేమీ లేదు. అడ్డు మనోహర్. మనమే చేశామని ఒప్పుకున్నట్టు అవుతుంది, ససేమిరా వద్దు అన్నాడు. ఆ మాటే తనకి చెప్పాను. మీరేమంటారు అంది. నన్ను అడగకు అన్నాను.

అదే మాట, నన్ను అడగకు. లాయర్ని కదా. అడిగించుకోవడానికే జీతం.

నవంబరు 18

ఆసుపత్రి సర్వరు నిన్నటినుంచి పనిచేస్తోంది. కిరణ్మయి తన సొంత మెయిల్ నుంచి, తన సొంత పేరుతో, వాళ్ళకి రాసింది. మొదట ఇది చేయండి, తర్వాత ఇది అని పదకొండు మెట్లు. చివర క్షమించమని కూడా రాసిందట. దొంగ పేరుతో రాస్తే నమ్మి చేయరు కదా మేడమ్ అంది.

ఇవాళ పొద్దున ఆ మెయిలు అవతలి వాళ్ళ చేతుల్లో పడి వందల చోట్ల తిరుగుతోంది. పేరు, ఫొటో, కంపెనీ, కటవారియా సరాయ్ గది నంబరు. ఒకడు పట్టుకోండి అంటాడు, ఒకడు చంపండి అంటాడు. ఇటువైపు వాళ్ళు శత్రువుకి క్షమాపణ చెప్పిన దేశద్రోహి అంటున్నారు. రెండు దేశాలూ ఒక్క విషయంలో కలిశాయి.

నవంబరు 19

కిరణ్మయిని గది ఖాళీ చేయమన్నారు. మిగతా ఆడపిల్లల తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారట, ఇంటి యజమాని తప్పూ లేదు. పోలీసు ఫిర్యాదు నేనే రాశాను. స్టేషన్లో అడిగారు, మిమ్మల్ని ఎందుకు బెదిరిస్తున్నారు అని. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు రాస్తే ఫిర్యాదు చేసే మనిషే ముద్దాయి. పని విషయం అని రాయించాను. మూడు గంటలు పట్టింది.

మా ఇంటికి తీసుకొచ్చాను. తేజశ్రీ తన గది ఇచ్చి హాల్లోకి మారింది, గొణగకుండా. "దీదీ, చాయ్ పియోగే?" అని తనే పెట్టింది కూడా. నిరంజన్ మర్యాదగా ఉన్నాడు. మరీ మర్యాదగా ఉన్నాడు.

జనవరిలో సింగపూర్ ట్రైనింగుకి టిక్కెట్టు తీసి ఉంది కిరణ్మయికి. వెళ్ళొచ్చా అని అడిగింది. ఏ దేశం ఎవరి మాట విని ఎక్కడ ఆపుతుందో నాకు తెలీదు, కొన్నాళ్ళు దేశం దాటకు అన్నాను. కొన్నాళ్ళంటే ఎన్ని అంది.

నవంబరు 22

కంపెనీలో వాటాలున్న వాళ్ళు విచారణ అడిగారు. న్యాయశాఖలో చేసి రిటైరైన అనంతరామయ్యగారిని పెట్టారు. గురువారం వస్తున్నారు. మనోహర్ ముందే ఒక నివేదిక తయారు చేయించి నా ముందు పెట్టాడు, లీగల్ హెడ్ సంతకం కోసం. అందులో ఇలా ఉంది: ఉద్యోగిని కిరణ్మయి యుద్ధ సమయంలో ఆవేశంతో, వ్యక్తిగత చొరవతో, సంస్థకి తెలియకుండా సదరు చర్యకి పాల్పడ్డారు. తర్వాత వ్యక్తిగత మెయిల్ ద్వారా సదరు విషయాన్ని తామే అంగీకరించారు.

సక్సేనా లేడు. మనోహర్ లేడు. నేను లేను.

"అమ్మాయిని జైల్లో వేయించం కదా లలితగారూ. రెండు నెలలు పోతే అందరూ మర్చిపోతారు. కంపెనీ పోతే రెండు వందల మంది ఇళ్ళకి వెళ్తారు, వాళ్ళని ఎక్కడ పెడతారు, మీ ఇంట్లోనా?"

అబద్ధం కాదు అది. అదే నా ప్రాణానికి వచ్చింది. మనోహర్ రాక్షసుడైతే నాకెంత సులువుగా ఉండేది. ఆ ఫోను తనకీ వచ్చింది, తననీ ముంచారు.

నా మెయిల్ సంగతి ఏమిటన్నాను. తొంభై రోజుల పాత మెయిళ్ళు తీసేసే పాలసీ మీరే రాశారుగా, దాన్ని కాస్త ముందుకి జరిపితే సరి అన్నాడు.

సోమవారం చెబుతానన్నాను. ఆ క్షణాన పెట్టను అనలేకపోయాను.

నవంబరు 23

ఇక్కడైనా రాయాలి. తొమ్మిదో తారీఖు మెయిల్ ఇది. ఇంగ్లీషులో రాశాను, తెలుగులో పెడితే ఇలా ఉంటుంది:

"కిరణ్మయీ, రాతపూర్వక ఆదేశం అందుతుందన్న హామీ మీద, ఈ పనికి చట్టపరంగా అభ్యంతరం లేదు."

అందిన తర్వాత అని రాయలేదు. అందుతుందన్న హామీ మీద అని రాశాను. రెంటికీ తేడా తెలియనిదాన్ని కాదు. నెలకి పది ఒప్పందాల్లో ఆ తేడా పట్టుకుని అవతలి లాయర్లని ఏడిపిస్తాను. అందిన తర్వాత అని ఉంటే కిరణ్మయి ఈ రోజుకీ ఆగి ఉండేది. అది షరతే కాదు. షరతు వేసుకున్న వేషం. పదో తారీఖు, పదకొండో తారీఖు ఇందులో ఏం రాసుకున్నానో ఇప్పుడు చదివి సిగ్గేసింది.

ఎందుకు రాశాను? భయపడి కాదు. ఏడో తారీఖు సక్సేనా నా సెల్లుకి చేసి "లలితకుమారీజీ" అన్నాడు, పూర్తి పేరు పెట్టి. అంతా సిద్ధంగా ఉంది, మీ ఒక్క మాట కోసం దేశం ఆగి ఉంది అన్నాడు. ఇరవై ఏళ్ళుగా అద్దె ఒప్పందాలూ రాజీనామాలూ చూసుకునే మనిషిని. నా మాట కోసం దేశం ఆగిందంటే బాగుంది. అంతే. బాగుంది. రెండు రోజులు ఆ బాగుండటాన్ని దాచుకుని తిరిగి, మూడో రోజు ఆ పిల్లకి మెయిల్ కొట్టాను.

నవంబరు 24

నిరంజన్‌కి మొత్తం చెప్పాను. టీవీ కట్టేసి విన్నాడు. యుద్ధం మొదలయ్యాక ఇదే మొదటిసారి.

అంతా విని, "మెయిల్ నువ్వే బయటపెడితే పట్టుకోవడానికి వాళ్ళకి ఒకే ఒక్క పేరు దొరుకుతుంది. నీది" అన్నాడు. సక్సేనా రాయలేదు, మనోహర్ రాయలేదు, రాసినదానివి నువ్వు ఒక్కదానివే అన్నాడు. బార్ కౌన్సిల్ దాకా పోవచ్చు అన్నాడు. నా ప్రమోషను ఫైలు కదులుతోంది అని కూడా అన్నాడు. అన్నాక సిగ్గుపడి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాడు.

అయితే సంతకం పెట్టేయమంటావా అని అడిగాను.

పక్కగదిలో కిరణ్మయి ఫోన్లో వాళ్ళమ్మకి అంతా మంచిగనే ఉంది, కొత్త గదిల ఎండ బాగ వస్తది అని చెబుతోంది.

"నేనైతే పెట్టేవాణ్ణేమో" అన్నాడు. "అందుకే నన్ను అడక్కు."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆ మాట ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు.

మనోహర్‌కి మధ్యాహ్నమే చెప్పేశాను, పెట్టను అని. కుర్చీ తిప్పుకుని కిటికీలోంచి ఎక్స్‌ప్రెస్‌వే చూస్తూ కూచున్నాడు. అక్కడ పొగ తప్ప ఏమీ కనపడదు.

నవంబరు 27

విచారణ. అనంతరామయ్యగారికి డెబ్భై దాటి ఉంటాయి. స్వెట్టరు మీద కోటు, కోటు మీద మఫ్లరు. టీ వద్దన్నారు. గదిలో ఆయన, రాసుకునే గుమాస్తా, మనోహర్, మనోహర్ తెచ్చుకున్న బయటి లాయరు, నేను. కిరణ్మయిని బయట కూచోబెట్టారు.

నివేదికలో నా సంతకం చోటు ఖాళీగా ఉందేమిటని అడిగారు. అది నిజం కాదు కనుక అన్నాను. నా ఏడు పేజీలు ఇచ్చాను. మెయిల్ ఇచ్చాను. బయటి లాయరు ఆ మెయిలు సంస్థ రహస్యం, ఇవ్వకూడదు అన్నాడు. అనంతరామయ్యగారు అప్పటికే చదివేశారు. మఫ్లరు సర్దుకుని రెండోసారి చదివారు.

"అమ్మా, మీ మొదటి అభిప్రాయం కాదంటోంది. మూడు రోజుల తర్వాత ఈ మెయిలు సరే అంటోంది. మధ్యలో ఏం కాగితం వచ్చింది?"

ఏమీ రాలేదన్నాను.

"ఏం వచ్చింది మరి?"

ఒక ఫోను వచ్చిందన్నాను. ఫోన్లో ఏమన్నారో చెప్పాను, దేశం ఆగి ఉండటంతో సహా. గుమాస్తా రాయడం ఆపి నా వైపు చూశాడు. రాయవయ్యా అన్నారు ఆయన.

తర్వాత ఆయన కళ్ళద్దాలు తీసి, లాయరుగా మిమ్మల్నే అడుగుతున్నాను, ఈ పని సర్కారుదా, కంపెనీదా, ఆ అమ్మాయిదా అన్నారు.

"సర్కారు అడిగింది, రుజువు లేదు. కంపెనీ చేయించింది, ఒప్పుకోదు. అమ్మాయి చేసింది, కానీ అడిగి చేసింది" అన్నాను. "అడిగింది నన్ను. చేయొచ్చన్నది నేను."

ఇది రాసి ఇస్తారా, ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు అన్నారు. అక్కడే కూచుని రాసి ఇచ్చాను. పేజీన్నర. ఈసారి సగం మాటలు ఎక్కడా పెట్టలేదు.

బయటికొచ్చి కిరణ్మయికి చెప్పాను. కృతజ్ఞతలేమీ ఎదురుచూడలేదు అని రాస్తే అబద్ధం. కాస్త ఎదురుచూశాను. తను నా మొహంలోకి చూసి, "మంచిగ చేసిండ్రు. గని తొమ్మిదో తారీఖు నాడే చెయ్యాల్సి ఉండె" అంది.

మెట్రోలో ఇద్దరం పక్కపక్కన నిలబడి వచ్చాం.

నవంబరు 30

ఏమీ లేదు. జలుబు.

డిసెంబరు 4

నివేదిక వచ్చింది. కిరణ్మయి పై నుంచి వచ్చిన మాట ప్రకారం, న్యాయసలహా తీసుకునే పనిచేసింది, తన మీద చర్య తగదు, బెదిరింపుల విషయంలో తనకయ్యే ఖర్చూ రక్షణా కంపెనీదే అని రాశారు. నిర్లక్ష్యం మనోహర్‌ది అన్నారు, వృత్తిధర్మం తప్పినది నేను అన్నారు. మనోహర్ పదవి మార్చారు, గది మార్చలేదు. నన్ను రాజీనామా చేయమన్నారు. చేశాను. ఇరవై మంది రాజీనామాలు రాయించిన చేత్తో నాది మూడు లైన్లలో అయిపోయింది.

అనంతరామయ్యగారు సక్సేనా గురించి తనకి తోచిన ఆఫీసులన్నిటికీ రాశారట. ఒక్కదాన్నించే జవాబు. ఆ పేరుగల అధికారి ఎవరూ సదరు ఆదేశం ఇవ్వలేదు. ఆ పేరుగల అధికారి లేడనలేదు. ఆదేశం ఇవ్వలేదన్నారు. ఎవరో బాగా చదువుకున్న లాయరే రాసి ఉంటాడు.

ఆ ఆసుపత్రిలో ఆవిడ సంగతి నివేదికలో ఒక వాక్యం. నిర్ధారించలేకపోయాము. కిరణ్మయి ఇప్పటికీ రోజూ వెతుకుతోంది, ఫోన్లో అనువాదం పెట్టుకుని, అక్కడి చిన్న చిన్న పత్రికలన్నీ.

డిసెంబరు 11

కర్కర్‌డూమా కోర్టులో పాత స్నేహితురాలి ఛాంబర్లో ఒక బల్ల దొరికింది. చెక్కు బౌన్సులు, విడాకులు. బార్ కౌన్సిల్ నోటీసు ఇంకా రాలేదు. వస్తే జవాబు సిద్ధంగా ఉంది, ఒక్క పేజీ.

నిరంజన్ పొద్దున్నే లేచి నాకు డబ్బా కట్టాడు. ప్రమోషను సంగతి నేను అడగలేదు, తను చెప్పలేదు. బెండకాయ మాడ్చాడు.

డిసెంబరు 20

కిరణ్మయికి గురుగ్రామ్‌లో ఒక బీమా కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో ముందే ఆ మెయిల్ సంగతి తనే చెప్పిందట. దాచితే రేపు వాళ్ళే చూస్తరు కదా అంది. గది బేర్ సరాయ్‌లో చూసుకుంది, పాత చోటికి రెండు వీధులు అవతల. తనకిష్టమైన పప్పు దొరికే పాత మెస్సుకి నడిచి పోవచ్చట. భయం లేదా అంటే, ఉంది, గని ఎన్నాళ్ళు మీ పిల్లను హాల్ల పండవెడ్త అంది.

అపాయింట్‌మెంట్ ఆర్డరు పట్టుకుని ఇవాళ ఇంటికి వచ్చింది. ఇరవై రెండు పేజీలు. చదివిపెట్టమంటుందని చెయ్యి చాపాను. కళ్ళజోడు కూడా పెట్టుకున్నాను.

"ఆగుండ్రి. ముందు నేను చదువుత. తర్వాత మీరు."

బాల్కనీలో ఎండలో కూచుని చదివింది. రెండు గంటలు. తేజశ్రీ టీ ఇస్తే తాగడం మర్చిపోయింది. నేను లోపల ఒక విడాకుల పిటిషను ముందేసుకున్నాను, ఒక్క పేరా కూడా సాగలేదు. ఎన్నిసార్లు తల తిప్పి చూశానో. ఆఖరికి కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది.

జీతం, సెలవులు, నోటీసు కాలం, రహస్యాలు. అన్నీ మామూలే. పద్నాలుగో క్లాజు దగ్గర ఆగాను. సంస్థ ఎప్పటికప్పుడు అప్పగించే ఇతర పనులన్నీ ఉద్యోగిని నిర్వర్తించవలెను. నేను ఇలాంటివి వందల ఆర్డర్లలో పెట్టాను. అందరూ సంతకం పెట్టేశారు. కిరణ్మయి కూడా, మా కంపెనీలో చేరినప్పుడు, నేను రాసిన దానికింద.

పెన్ను మూత తీశాను. కొట్టేయడానికి వంగితే, ఆ వాక్యం మీద అప్పటికే గీత ఉంది. నీలిరంగు సిరా, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా. పక్కన మార్జిన్లో చిన్న అక్షరాలతో, ఏ పనులో రాసి ఇవ్వగలరు, అని ఉంది. కింద తన సంతకం, తేదీ.